టెక్కలి అని చెప్పాం

మా వదిన పేరు కుసుమ. మా అన్నయ్య అప్పారావు ఒరిస్సాలోని పర్లాకిమిడిలో రైసుమిల్లు ఫిట్టరుగా పదేళ్ళు పనిచేశాడు. అక్కడే మా కులంలోనే పిల్లను చూసి పెళ్ళి చేసుకున్నాడు. 1991లో ఆ మిల్లు మూతపడితే భార్యనీ ఎనిమిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని కోనసీమలో మా పలివెల వచ్చేశాడు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే దొడ్లో. నేను వీధరుగు మీద మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన కొబ్బరికాయల లారీ మీద వారాల తరబడి తిరిగేవాడు. అందుకని వదిన వచ్చాక నాకు తోడు దొరికినట్టయింది. కాజాలు కుట్టడం, హుక్కులు వేయడం తనకి అప్పగించాను. చాలా శ్రద్ధగా చేసేది. హుక్కుల మధ్య ఎడం చూసుకుంటూ లోపల్లోపల ఏక, దుయి, తిని అని లెక్కపెట్టుకునేది. మాట్లాడేది తెలుగే. లెక్క మాత్రం ఒరియాలో వచ్చేది.

ఆ తెలుగు కూడా మా తెలుగులా ఉండేది కాదు. మేం "వచ్చేను" అంటే తను "వచ్చినాను" అనేది. "ఏంటండీ" అనడానికి "ఏటండీ" అనేది. వీధిలో పిల్లలు తన మాట అనుకరిస్తూ పరిగెత్తేవాళ్ళు. నేనూ నవ్వాను. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

జాకెట్లకి కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు నా అరుగు మీద కూర్చుని వదిన ఏ దేశం మనిషో తేల్చడానికి చూసేవాళ్ళు. అందులో ముందుండేది ఎదురింటి వీరాయమ్మగారు.

"అక్కడ అన్నమేనా తింటారు, రొట్టెలా?"

"అన్నమేనండీ. ఎండాకాలం నీళ్ళన్నం."

"నీళ్ళన్నమంటే?"

వదిన చెప్పింది. రాత్రి అన్నంలో నీళ్ళుపోసి, పులిశాక పొద్దున్న ఉప్పూ ఉల్లిపాయా వేసుకుని తింటారట. వీరాయమ్మగారు చప్పట్లు కొట్టారు. "అది తరవాణే కదే! మా అత్తగారు కుండలో పెట్టేవారు. ఇంకేం, నువ్వు మనమ్మాయివే" అన్నారు. ఆ వారమంతా వదిన తెలుగు పిల్ల.

మార్గశిరం వచ్చింది. లక్ష్మివారం పొద్దున్న వదిన బియ్యం నూరి, ఆ పిండిలో వేళ్ళు ముంచి, గుమ్మం నిండా, గోడ నిండా వరికంకులూ చిన్న చిన్న అడుగులూ వేసింది. అంత అందమైన పని నేనెప్పుడూ చూడలేదు. వీరాయమ్మగారు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశారు. "చుక్కల్లేవు, గీతల్లేవు. ఇదేం ముగ్గమ్మా? అబ్బే, ఇది ఒరియావాళ్ళదే" అన్నారు. మరుసటి లక్ష్మివారం వదిన నా దగ్గరికొచ్చి చుక్కల ముగ్గు నేర్పమంది. ఆ వేళ్ళముగ్గు మళ్ళీ వెయ్యలేదు.

మా అన్నయ్య ఒకసారి కోపం పట్టలేక అందరికీ వినిపించేలా చెప్పాడు. "ఆ ఊరు మొదట మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదండీ. ముప్పయ్యారులో ఒరిస్సా ఏర్పడితే అటు పడింది. ఊరు ఉన్నచోటే ఉంది, గీత కదిలిందంతే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా. అందులో అంత వింతేముందండీ?" అందరూ "ఆయ్, నిజమేనండీ" అన్నారు. మర్నాడు మళ్ళీ మామూలే.

వదిన మాత్రం ఎప్పుడూ గొడవ పడలేదు. ఒక్కసారి హుక్కు కుడుతూ తలెత్తకుండా అంది, "అక్కడ మమ్మల్ని తెలుగోళ్ళంటారు మాణిక్యం. ఇక్కడికొస్తే ఒరియా అంటన్నారు. మరి నానెవుల్ని?" నవ్వుతూనే అడిగింది. నేనూ నవ్వి, దారం తెంపి ఇచ్చాను.

వాళ్ళమ్మ అప్పలనర్సమ్మగారు పర్లాకిమిడిలో ఒక్కర్తే ఉండేది. వదిన ఒక్కతే సంతానం. ఆవిడ నెలకో కార్డు రాసేది. మాట తెలుగు, రాసేది ఒరియా అక్షరాల్లో. ఆవిడకి వచ్చిన అక్షరాలు అవే. ఆ కార్డు మా పోస్టుమానుకి గానీ, అన్నయ్యకి గానీ అర్థమయ్యేది కాదు. వదినా, కూతురు జ్యోతిర్మయీ ఇద్దరే చదివేవాళ్ళు. మొదట్లో జ్యోతి గట్టిగా చదువుతుంటే నాకు భలే ఉండేది. కాగితం మీద ఉన్నది ఒక ముక్క తెలీదు, చెవిన పడేదంతా తెలుగే.

కానీ ఆ పిల్ల పడ్డ అవమానం మేమెవరం పట్టించుకోలేదు. పర్లాకిమిడిలో మూడో తరగతి చదివి వచ్చింది. ఇక్కడ తెలుగు అక్షరాలు రావని మాస్టారు ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. పక్కన ఐదేళ్ళ పిల్లలు. వాళ్ళకంటే జానెడు పొడుగు. "ఒరియా" అనే పేరు బళ్ళో మొదలై పదో తరగతి దాకా వెంటపడింది. ఏడాది తిరిగేసరికి జ్యోతి మాలాగే మాట్లాడింది. రెండేళ్ళు తిరిగేసరికి అమ్మమ్మ కార్డు చేతికిస్తే "నాకు రాదు, నువ్వే చదువుకో" అని వాళ్ళమ్మ ఒళ్ళో పడేసింది. కొత్త స్నేహితురాళ్ళెవరైనా అడిగితే మా అమ్మావాళ్ళది శ్రీకాకుళం అనేది. వదిన వింది.

జ్యోతికి ఇరవయ్యోయేడు రాగానే సంబంధాలు చూశాం. మొదటి సంబంధం అంబాజీపేట వాళ్ళది. పిల్ల నచ్చింది, మాటలు కూడా అయ్యాయి. పదిరోజులకి కబురొచ్చింది. "తల్లి ఒరిస్సా మనిషంట కదండీ. అక్కడ కులాలేంటో, ఆచారాలేంటో మనకేం తెలుస్తాయి? వద్దులెండి." జ్యోతి ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. సాయంత్రం వచ్చి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి, "నీవల్లే" అంది. ఒక్క మాటే.

రెండోది రాజోలు సంబంధం. అబ్బాయి రాజబాబు, దోహాలో ఏసీ మెకానిక్కు. ఆరువారాల సెలవు మీద వచ్చాడు. వెళ్ళేలోపు పెళ్ళయిపోవాలని వాళ్ళ తొందర. పెళ్ళిచూపులకి ముందురోజు మేమంతా కూర్చున్నాం. అప్పుడు నేనన్నాను. నేనే అన్నాను.

"టెక్కలి అని చెబుదాం. పర్లాకిమిడికి బస్సులో గంటన్నర దూరం, కానీ ఇటు శ్రీకాకుళంలోనే. ఆ రెండూళ్ళకీ మాట ఒక్కటే. ఎవరు వెళ్ళి చూస్తారు?"

అన్నయ్య నేలచూపులు చూశాడు. జ్యోతి వాళ్ళమ్మ వంక చూసింది. వదిన, "టెక్కలి అయితే టెక్కలే. పిల్ల బాగుండాల" అంది. ఆ రాత్రే వీరాయమ్మగారికీ వీధిలో మిగతావాళ్ళకీ చెప్పుకున్నాం, నిజం బయటపెట్టొద్దని.

రాజబాబు తల్లి జీవరత్నంగారు కలుపుగోలు మనిషి. వస్తూనే "వదినగారూ, మీ పుట్టినిల్లెక్కడండీ?" అని అడిగారు. వదిన తడుముకోకుండా చెప్పింది. "టెక్కలండీ." జీవరత్నంగారు "ఆయ్, అలాగాండీ" అని మైసూరుపాకు తీసుకున్నారు. అంతే. అంత తేలిగ్గా అయిపోయింది.

2003 మే నెలలో పెళ్ళి. మూడురోజుల ముందు అప్పలనర్సమ్మగారు వచ్చింది. బక్కపల్చటి మనిషి, చేతిలో గోనెసంచి. అందులో మనవరాలికి పట్టుచీరా, మరమరాల ఉండలూ. దిగుతూనే రిక్షావాడితో మొదలుపెట్టి వీధంతా పలకరించుకుంటూ వచ్చింది. "ఏటి బావుండారా? నాను జ్యోతికి అమ్మమ్మనమ్మా!" వదిన గబగబా లోపలికి తీసుకెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నాను. అంతా విన్నాను.

"అమ్మా, ఎవులైనా అడిగితే టెక్కలి అను."

"టెక్కలా? టెక్కల్లో మనకెవులున్నారే?"

"ఎవులూ లేరు. అలా అనాల, అంతే."

ముసలావిడ గోనెసంచి ముడి విప్పడం ఆపింది. "జ్యోతి గుంట అనమందా?"

వదిన సంచిలోంచి పట్టుచీర తీసి మడత సర్దింది.

"సరే. నాను మాటాడనే. మాటాడితేనే గదా అడుగుతారు."

అన్నట్టే చేసింది. నాలుగురోజులు నోరు విప్పలేదు. పెళ్ళివారు దిగాక జీవరత్నంగారు వెళ్ళి, "టెక్కలి నుంచి ప్రయాణం ఎన్ని గంటలు పట్టిందండీ?" అని అడిగితే తల ఊపి నవ్వింది. జీవరత్నంగారు మళ్ళీ అడిగారు. ఏం చెయ్యాలో తోచక నేను అడ్డుపడ్డాను. "పెద్దావిడకి చెవులు సరిగ్గా వినపడవండీ." అది రెండో అబద్ధం. అది కూడా నాదే. ఆ పైన పెళ్ళివారంతా మంచివాళ్ళు కాబట్టి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తూ పలకరించారు. "భోంచేసేరాండీ!" "మనవడు నచ్చేడాండీ!" ఆవిడ ప్రతి అరుపుకీ ఉలిక్కిపడుతూ, తల ఊపుతూ, నవ్వుతూ కూర్చుంది.

ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకి. మంగళసూత్రం కట్టేటప్పుడు ముసలావిడ నా పక్కనే నిలబడి ఉంది. మేళం ఊపందుకుంది. ఆవిడ ఒక్కసారి ఛాతీ నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచి, తల పైకెత్తింది. వదిన పందిట్లోంచి ఇటు చూసింది. ఆ చూపు చూసి ముసలావిడ చీరచెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. మనవరాలి పెళ్ళి కదా, ఏడుపొచ్చింది కాబోలనుకున్నాను. వీపు నిమిరాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయింది. జ్యోతి అప్పటికే రాజోలులో ఉంది.

రాజబాబు జూన్‌లో దోహా వెళ్ళాడు. జ్యోతి అత్తగారింట్లోనే ఉంది. అక్టోబరులో వీరాయమ్మగారింటి ఫోనుకి పర్లాకిమిడి నుంచి కబురొచ్చింది. అప్పలనర్సమ్మగారు చీపురు పట్టుకుని వాకిట్లో పడిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

వదిన ఏడవలేదు. మొదట అడిగిన మాట, "జ్యోతికి చెప్పాలా?"

చెబితే అత్తవారికి తెలుస్తుంది. తెలిస్తే వాళ్ళు ఊరుకునే మనుషులు కారు. బండి మాట్లాడుకుని టెక్కలి బయల్దేరతారు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. జ్యోతికి అయిదో నెల. "కడుపుతో ఉన్న పిల్లకి చావుకబురు చెప్పకూడదులే" అన్నాడు అన్నయ్య. అందరం ఆ మాట పట్టుకున్నాం. వదిన కూడా తల ఊపింది. కానీ ఆ ముక్క మేం ఎందుకు పట్టుకున్నామో మా ముగ్గురికీ తెలుసు.

అన్నయ్యకి జ్వరంగా ఉండటంతో వదినకి తోడుగా నేను వెళ్ళాను. రాజమండ్రిలో రైలెక్కి, పలాసలో దిగి, బస్సు పట్టుకుని, టెక్కలిలో బస్సు మారాలి. బస్టాండులో అరగంట కూర్చున్నాం. వదిన చుట్టూ చూసింది. పండ్లబండి, సోడాల కొట్టు, గోడ మీద సినిమా కాగితాలు. "మా ఊరొచ్చింది మాణిక్యం" అంది. గొంతులో ఏమీ లేదు. నాకు ఆ బల్ల మీంచి లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది.

మేం వెళ్ళేసరికి దహనం అయిపోయింది. వరసకి కొడుకయ్యే ఒకాయన తలకొరివి పెట్టాడట. వీధిలోవాళ్ళు "ఆంధ్రా నుంచి కూతురొచ్చింది" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఆ మాటలో వదినని పరాయిదాన్ని చేశారు. పక్కింటి సావిత్రమ్మగారు మాత్రం పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఒరియా మనిషి, తెలుగు బాగా వచ్చు.

"జ్యోతి పెళ్ళి కబుర్లు మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందనుకున్నావు! తాళి కట్టినప్పుడు నేను హుళహుళి ఇచ్చినాను సావిత్రీ, కోనసీమ ఆడోళ్ళంతా నా చుట్టూ మూగిపోయినారు, మళ్ళీ ఇయ్యమన్నారు, నేర్పమన్నారు, అని."

హుళహుళి అంటే ఏమిటని నేనడిగాను. సావిత్రమ్మగారు నాలుక ఆడిస్తూ సన్నటి గొంతుతో ఒక కూత కూసింది. కూస్తుంటే ఒళ్ళు జలదరించింది. పెళ్ళిలో, పేరంటంలో, పూజలో ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా, తెలుగువాళ్ళు కూడా, అలా చేస్తారట. అది లేకపోతే శుభం కాదట. మనవరాలి పెళ్ళిలో ఆ కూత పెట్టాలని జ్యోతి పుట్టినప్పట్నుంచీ అప్పలనర్సమ్మగారు అంటూండేదట.

అప్పుడు నాకు ఆ చీరచెంగు గుర్తొచ్చింది. వదిన వంక చూడలేకపోయాను. తనకి ఆ రోజే తెలుసు. చూపుతో ఆపింది తనే కదా.

"అవునండీ, అందరూ మళ్ళీ ఇయ్యమన్నారు" అంది వదిన సావిత్రమ్మగారితో.

పలివెల వచ్చాక వీధిలో వాళ్ళకి మళ్ళీ చెప్పుకున్నాం, ఈ చావు సంగతి రాజోలువాళ్ళ దగ్గర ఎత్తొద్దని. వీరాయమ్మగారు కూడా మాట ఇచ్చి నిలబెట్టుకున్నారు. జ్యోతి డిసెంబరులో పురిటికి వచ్చినప్పుడు చెప్పాం. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తరవాత, "అత్తయ్యగారికి చెప్పేరా?" అని అడిగింది. లేదన్నాం. ఊపిరి వదిలింది. ఆ ఊపిరి వదిలినందుకు తనని తాను ఎన్నాళ్ళు తిట్టుకుందో నాకు తరవాత చెప్పింది.

ఫిబ్రవరిలో మగపిల్లాడు పుట్టాడు. జీవరత్నంగారు మనవణ్ణి చూడటానికి వచ్చి, మొదటి కుశలప్రశ్నల్లోనే, "మీ అమ్మగారు బాగున్నారాండీ? మునిమనవణ్ణి చూడ్డానికి రాలేదేం?" అని అడిగారు.

వదిన చేతిలో పిల్లాడి పక్కగుడ్డలున్నాయి. మడత ఆపలేదు. "బాగున్నారండీ. ప్రయాణం చెయ్యలేరు."

"చెవులెలా ఉన్నాయండీ?"

"అలాగే ఉన్నాయండీ."

బారసాలకి అడిగారు. అన్నప్రాసనకి అడిగారు. ఎప్పుడు కలిసినా అడిగేవారు. ఆవిడది నిజమైన ఆపేక్ష. ఆ చెవిటి ముసలావిడ నవ్వు ఆవిడకి అంత నచ్చింది. ప్రతిసారీ వదిన "ఆయ్, బాగున్నారండీ" అనేది. మాసికాలు జరుగుతున్న తల్లిని బాగుందని చెప్పేది. ఏడాది తిరిగి ఏడూడి పెట్టాల్సిన రోజున రాజోలులో వాళ్ళింట్లో ఏదో వ్రతం ఉంటే, పట్టుచీర కట్టుకుని వెళ్ళి వాయనం పుచ్చుకుని వచ్చింది. ఎందుకు వెళ్ళావని అడిగాను. "వెళ్ళకపోతే ఎందుకు రాలేదో చెప్పాల కదా" అంది. ఈ పదమూడేళ్ళలో తన భాషంతా మాలాగే మారిపోయింది. బాగా అలిసిపోయినప్పుడు మాత్రం ఆ "చెప్పాల" బయటికొచ్చేది.

తను చిక్కిపోవడం చూస్తూనే ఉన్నాం. హుక్కులు వంకరగా పడేవి. విప్పి నేనే మళ్ళీ కుట్టుకునేదాన్ని.

2005 మాఘమాసంలో జీవరత్నంగారు జ్యోతినీ మనవణ్ణీ తీసుకుని పలివెల వచ్చారు. మంచి హుషారుగా ఉన్నారు. "రథసప్తమికి అరసవల్లి వెళ్దామండీ వదినగారూ. మా ఆయన బండి మాట్లాడేరు. టెక్కలి అక్కడికి దగ్గరేనట కదా. మీ అమ్మగారికి మునిమనవణ్ణి చూపించి వచ్చేద్దాం. ఆవిడ రాలేకపోతే మనమే వెళ్ళాలి కదండీ."

నేను ఏదో ఒకటి అల్లడానికి నోరు తెరిచాను. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది.

"మా అమ్మ చచ్చిపోయిందండీ."

"అయ్యో! ఎప్పుడండీ?"

"ఏడాదిన్నర కావస్తోందండీ. పెళ్ళయిన అయిదో నెల. మా అమ్మకి చెవుడు లేదండీ. మాది టెక్కలి కాదు. పర్లాకిమిడి. ఒరిస్సా."

జ్యోతి పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని, "అమ్మ తప్పు కాదండీ అత్తయ్యగారూ. నాకోసమే" అంది. టెక్కలి మాటా, చెవుడు మాటా నావేనని నేనూ ఒప్పుకున్నాను. జీవరత్నంగారి మొహం ఎర్రబడింది.

"నేను అడిగినప్పుడల్లా బాగున్నారన్నారు. ఇన్నిసార్లు అడిగేను. ఒరిస్సా అయితే ఏవండీ? మేం ఏమనేవాళ్ళమని? మా ఇంటి కోడలి అమ్మమ్మ పోతే మమ్మల్ని రానివ్వకుండా చేసేరు."

ఏమనేవాళ్ళో నాకు తెలీదు. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ రెండేళ్ళ కింద, పిల్ల ఇంకా వాళ్ళింటి పిల్ల కానప్పుడు, అదే మాట అనేవారో లేదో ఆవిడ కూడా చెప్పలేరు. వదినకి మాత్రం ఆ మాట ఎక్కడో తగిలింది. "ఏటీ అనేవోరు కాదా అండీ?" అని అడిగింది, చిన్నపిల్లలా. మళ్ళీ అడిగింది. "నిజంగా ఏటీ అనేవోరు కాదా?"

జీవరత్నంగారు లేచి దొడ్లోకి వెళ్ళారు. కోపమొచ్చి వెళ్ళిపోతున్నారేమోనని అన్నయ్య వెనకే వెళ్ళాడు. ఆవిడ బోరింగు కొట్టి రెండు బకెట్లు నింపారు. వచ్చి వదిన చెయ్యి పట్టుకుని లేవదీసి, బోరింగు దగ్గర పలక మీద కూర్చోబెట్టారు.

"నేను ఇవాళే విన్నానండీ. నాకు ఇవాళే పోయినట్టు."

చెంబుతో ముంచి వదిన తలమీద పోశారు. రెండో చెంబు తన తలమీద పోసుకున్నారు, కట్టుచీరతోనే. మూడో చెంబు పోస్తుండగా వదిన మొదలుపెట్టింది. నేను ఆ ఏడుపు అంతకుముందు వినలేదు. కబురు వచ్చిన రోజున లేదు, పర్లాకిమిడిలో లేదు. "అమ్మా, నిన్ను మూగదాన్ని చేసినానే" అని నేలమీద చేతులతో కొట్టుకుంది. జీవరత్నంగారు పక్కన కూర్చోలేదు, ఊరుకోమనలేదు. నీళ్ళయిపోతే మళ్ళీ బోరింగు కొట్టి తెచ్చి పోస్తూనే ఉన్నారు.

ఆ ఏడు అరసవల్లి ఎవరూ వెళ్ళలేదు. వదిన తడిచీర మార్చుకోనంది. వెనకగుమ్మం మెట్టు మీద ఎండలో కూర్చుని, పొద్దుగూకే దాకా వాళ్ళమ్మ సంగతులు చెబుతూనే ఉంది. మరమరాలు ఎలా వేయించేదో, వర్షమొస్తే పొయ్యి ఎక్కడికి మార్చేదో, ఏ పేరు పెట్టి పిలిచేదో. జీవరత్నంగారు వింటూ మధ్యమధ్య "ఆయ్" అన్నారు. జ్యోతి తలుపుకి ఆనుకుని నిలబడి వింది. అమ్మమ్మ రాసిన కార్డులు ఉన్నాయా అని అడగబోయి ఆగిపోయానని నాకు తరవాత చెప్పింది. లోపల పిల్లాడు లేచి ఏడిస్తే వెళ్ళింది.